వినొద్దన్న మాటలు

ఆ రోజుల్లో నేను చేసే ఉద్యోగమేమిటో మనవాళ్ళకి చెప్పడమంటే చచ్చేచావు. న్యూకాసిల్‌లో ఒక యూనివర్సిటీ ల్యాబులో టెక్నీషియన్ని అంటే అక్కడితో ఊరుకుంటారా? అక్కడేం చేస్తావమ్మా అని లాగుతారు. మనుషుల నెత్తిన ఒక బిగుతు టోపీ తొడిగి, దాని చిల్లుల్లో సిరంజితో జెల్లు పోసి, మెదడులో పుట్టే కరెంటుని కంప్యూటర్లో గీతలుగా చూస్తామని చెబితే, షాకులిస్తారా అని జాలిపడేవాళ్ళు. గుంటూరులో మా అమ్మయితే చాలాకాలం నేను పిచ్చాసుపత్రిలో పనిచేస్తున్నాననే అందరికీ చెప్పుకుంది. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివి, పెళ్ళయ్యాక మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట ఆ చలి ఊరికి వచ్చిపడి, రెండేళ్ళు ఫ్లాటులో గోడలు చూస్తూ కూర్చున్నదాన్ని. పిచ్చాసుపత్రైనా సరే వెళ్ళేదాన్నే.

రెండువేల మూడులో మా ల్యాబుకి ఒక థాయ్ అమ్మాయి రికార్డింగుల కోసం రావడం మొదలుపెట్టింది. పీహెచ్‌డీ చివరి అంచులో ఉంది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. మొదటి వారంలోనే నన్ను "పీ" అని పిలవడం మొదలుపెట్టింది. అంటే వాళ్ళ భాషలో అక్క. పేరు పెట్టి పిలిచే ఆ దేశంలో నన్ను వరస పెట్టి పిలిచిన మొదటి పరాయి మనిషి తను. మేమిద్దరం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే అయినా, ఇప్పుడు గుర్తుచేసుకుంటే ఆ మాటలన్నీ నాకు తెలుగులోనే వినిపిస్తాయి.

తన చదువు సంగతి నాకు అర్థమయ్యేలా తనే చెప్పింది. థాయ్ భాషలో ఒక మాటని ఏ స్వరంలో పలుకుతామన్నదాన్ని బట్టి అర్థమే మారిపోతుంది. ఎత్తి పలికితే ఒకటి, దించితే ఇంకొకటి. అది చాలదన్నట్టు, రెండు మూడు అక్షరాల మాటల్లో చివరి అక్షరం మీద బరువు పడాలి. బరువు ముందు అక్షరం మీద వేస్తే వాళ్ళ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఈ బరువుల్ని, స్వరాల్ని మెదడు ఎక్కడ, ఎంత తొందరగా పట్టుకుంటుందన్నది తన ప్రశ్న. మెదడు చెవిన పడే ప్రతి మాటకీ ముందే ఒక అంచనా వేసుకుని కూర్చుంటుందట. ఒకే మాట పదిసార్లు ఒకేలా వినిపిస్తే, పదకొండోసారీ అదే వస్తుందనుకుంటుంది. అక్కడ బరువు తప్పితే, మనకి తెలిసేలోపే లోపల ఉలిక్కిపడుతుంది. మన ధ్యాస ఎక్కడో ఉన్నా సరే. ఆ ఉలికిపాటే మా గీతల్లో చిన్న వంపుగా కనిపించేది.

ఇదంతా విని నా గొడవ చెప్పాను. ఆ ఊరి బస్సు డ్రైవర్లు మామూలు మాటని కూడా చివర్లో పైకెత్తి పలుకుతారు. మొదటి ఆరు నెలలూ నన్నేదో అడుగుతున్నారనుకుని ప్రతిదానికీ యెస్ యెస్ అని తలూపాను. తను పడీపడీ నవ్వింది. నీ మెదడు తెలుగు అంచనా వేసుకుని బస్సెక్కింది పీ, అంది.

మూడో గుంపు ఆలోచన నాదే. అది ఎవరూ నా నెత్తిన పెట్టలేదు. తను థాయ్ వాళ్ళని, ఇంగ్లీషు వాళ్ళని పోల్చాలనుకుంది. ఇంగ్లీషులో స్వరం అర్థం మార్చకపోయినా అక్షరం మీద బరువు లెక్కకొస్తుంది. మరి రెండూ లెక్కకి రాని భాష మాది ఉందిగా అన్నాను. తెలుగులో మాటని ఎత్తి పలికినా దించి పలికినా, బరువు ఇటేసినా అటేసినా మాట అదే. ల్యాబు నడిపే ప్రొఫెసర్ గారికి ఈ ముక్క నచ్చింది. ఆవిడ పొడుగ్గా, చాలా తక్కువ మాట్లాడే ఇంగ్లీషావిడ. అంతవరకు ఆ అమ్మాయి వైపు సరిగ్గా చూసేది కాదు. ఆ రోజు మాత్రం, పదిహేనుమంది తెలుగువాళ్ళు దొరుకుతారా అని నన్నే అడిగింది. దొరక్కపోవడమేమిటి, రేపటికల్లా అన్నాను. నా నోటికి హద్దుండదు.

ఇంటికొచ్చి ఫోన్లందుకున్నాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళు, వాళ్ళ భార్యలు, ఆసుపత్రుల్లో పనిచేసే ఇద్దరు ముగ్గురు, ఉద్యోగం చేసే కొడుకు దగ్గర ఉంటున్న ఒక హైదరాబాద్ ఆంటీ. రావడానికి బద్ధకించిన ప్రతివాళ్ళకీ ఒకటే మాట చెప్పాను. మన తెలుగువాళ్ళ పరువు నిలబెట్టండి అని. సరదాకే అన్నాను. అందరికంటే ముందు మా ఆయన్నే కూర్చోబెట్టాను.

మనవాళ్ళతో మొదటి తంటా నూనెతో వచ్చింది. తలస్నానం చేసి రండి అంటే, ఒకాయన శుభ్రంగా తలంటుకుని, జుట్టు ఎండిపోతుందని మళ్ళీ పైన చెంచాడు కొబ్బరినూనె రాసుకుని వచ్చాడు. నూనె ఉన్నచోట టోపీ తీగ పట్టదు, గీత రాదు. ఆయన్ని సింకు దగ్గర కూర్చోబెట్టి నేనే రెండుసార్లు షాంపూ పెట్టి కడిగాను. హైదరాబాద్ ఆంటీ బొట్టు తీయనంది. నుదుటి మీద అతికించే తీగని పక్కకి జరిపాను. ఒక్కొక్కరికి పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం వేళ అయ్యేది. రోజుకి ఒక్కరు.

పని మాత్రం తేలిక. కుర్చీలో కూర్చుని సముద్రపు చేపల సినిమా చూడాలి. సినిమాకి సౌండు ఉండదు. చెవుల్లో థాయ్ మాట ఒకటి వస్తూనే ఉంటుంది, మధ్యమధ్య బరువు మారి. దాన్ని పట్టించుకోకూడదు. సినిమానే చూడాలి. నిజంగా చూశారో లేదో తెలియడానికి చివర్లో కొన్ని ప్రశ్నలు వేస్తాం, తాబేలు ఎన్నిసార్లు కనిపించింది, పడవ రంగేమిటి, ఇలాంటివి. మనవాళ్ళు టకటకా చెప్పేశారు. ఒక్కరూ తప్పలేదు. నాకు గర్వంగా ఉండేది.

జూన్‌లో ఫలితాలు చూసి ఆ అమ్మాయి లెక్కంతా మళ్ళీ మొదటినించీ వేసుకుంది. మనవాళ్ళ గీతల్లో వంపు థాయ్ వాళ్ళ వంపుతో సమానంగా ఉంది. ఇంగ్లీషు వాళ్ళకంటే ఎక్కువ. బరువు అసలు లెక్కకి రాని భాష మాట్లాడేవాళ్ళ మెదడు దాన్ని అంత గట్టిగా పట్టుకుందంటే, తన పీహెచ్‌డీ పుస్తకమంతా ఆ ఒక్క అధ్యాయం మీదే నిలబడుతుంది. ప్రొఫెసర్ గారు గీతల్ని చాలాసేపు చూసింది. ఆ చిన్న వంపు తర్వాత కొంచెం ఆగి ఒక పెద్ద గుట్ట ఉంది. మనిషి కావాలని చెవి పెట్టి వింటే వచ్చే గుట్ట అది. వీళ్ళు మాటల్ని వింటూ కూర్చోలేదు కదా అని నన్ను అడిగింది. నాకు ఒళ్ళు మండింది. మావాళ్ళు చెప్పినమాట వినే మనుషులు, తాబేళ్ళ లెక్క కూడా తప్పలేదు చూడండి, అన్నాను. ఆవిడ సరేనని కాగితాలు పక్కన పెట్టేసింది.

ఆ పుస్తకం మీద ఆ అమ్మాయి బతుకంతా ఆధారపడి ఉంది. ఆగస్టు ఆఖరుకి స్కాలర్‌షిప్పూ వీసా రెండూ అయిపోతాయి. ఒకసారి గడువు పెంచారు, ఇంక పెంచరు. వాళ్ళ ఊరి యూనివర్సిటీలో తనకోసం ఒక లెక్చరర్ పోస్టు ఆపి ఉంచారు, డాక్టరేటుతో వస్తేనే. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఈ ముక్క తను నాకు ఒక్కసారే చెప్పింది. మర్చిపోయే మాట కాదు.

జులై మొదటి శనివారం మనవాళ్ళలో ఒకరి పాప పుట్టినరోజు. కమ్యూనిటీ హాలు తీసుకున్నారు, తలా ఒక వంట చేసి తెచ్చాం. నేను పులిహోర గిన్నె మూత తీస్తుంటే వెనక ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. నీకెన్నొచ్చాయి? నూట ఇరవై. నాకు నూట పంతొమ్మిదే వచ్చాయే, ఎక్కడ పోయిందబ్బా. పరీక్ష హాలు బయట నిలబడి జవాబులు సరిచూసుకునేవాళ్ళు ఎలా ఉంటారో అలా ఉన్నారు. ఏ పరీక్ష అని అడగబోతుంటే హైదరాబాద్ ఆంటీ నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది. పాపం, ఎన్నాళ్ళనించి దిగులు పడుతోందో.

"నాకు నూట పద్దెనిమిదే వచ్చినయమ్మా. నడుమ తుమ్ము వచ్చి రెండు పోయినయ్. ఆ పిల్ల పని ఖరాబు కాదు గద?"

లెక్కపెట్టమని ఎవరు చెప్పారాంటీ అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. మీ ఆయనే చెప్పిండు గద, అంది.

ఇంటికెళ్ళి తలుపేశాక అడిగాను. మా ఆయన దాచలేదు. దాచాల్సింది ఏముందన్నట్టే చెప్పాడు. టోపీ పెట్టుకుని కూర్చున్న పది నిమిషాల్లోనే తనకి కిటుకు తెలిసిపోయిందట. వినొద్దు అన్నారంటే అక్కడే ఏదో ఉందని. ఆ మాట మధ్యమధ్య మారుతోందని, ఎన్నిసార్లు మారిందో అదే వాళ్ళు చూస్తారని అనుకున్నాడు. చేపల సినిమా అంతా ఉత్త నాటకమనుకున్నాడు. తర్వాత వెళ్ళబోయేవాళ్ళు ఏమడుగుతారు అని అడిగితే, తాబేళ్ళు ఎన్నో, పడవ రంగేమిటో చెప్పి, మాట ఎన్నిసార్లు మారుతుందో లెక్కపెట్టుకోమని కూడా చెప్పాడు. ఎంసెట్ రాసొచ్చిన పిల్లాడు తమ్ముడికి చెప్పినట్టు. అందరం అలా చెప్పుకునే కదా పెరిగాం. వినొద్దు అంటే నిజంగానే వినొద్దు అని అర్థం చేసుకునే మనిషి మా పదిహేనుమందిలో ఒక్కరూ లేరు. నన్నే కూర్చోబెట్టి ఉంటే నేనూ లెక్కపెట్టేదాన్నేమో.

బాగా తిట్టాను. మా ఆయన మెల్లిగా అన్నాడు.

"నీకోసమేగా చేశాం? పరువు నిలబెట్టమని ఊరందరికీ ఫోన్లు చేసింది నువ్వే. ఇప్పుడు వెళ్ళి చెబితే ఏమంటారు? ఇండియన్స్ చీట్ చేశారంటారు. సెప్టెంబర్లో నీ కాంట్రాక్టు రెన్యువల్ ఉంది, అది గుర్తుపెట్టుకో."

ఆ మాట నాకు చేదుగా అనిపించింది. అయినా నోరు మూసుకున్నాను. మా ఆయన భయపెట్టాడు కాబట్టి మూసుకున్నానని రాస్తే తేలిగ్గా పోతుంది, కానీ అది నిజం కాదు. నాకు కూడా ఆ గీతలు ముద్దొచ్చాయి. ప్రొఫెసర్ గారి ముందు నేనన్న మాట తప్పని ఒప్పుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. సోమవారం చెబుదాం అనుకున్నాను.

సోమవారం వెళ్ళేసరికి ఆ అమ్మాయి డబ్బా మామిడిపండు ముక్కలు, కొబ్బరిపాలు పోసి వండిన అన్నం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అధ్యాయం సగం రాశానంది. ప్రొఫెసర్ గారు మొదటిసారి తనని కూర్చోమని టీ ఇచ్చిందట. ఆ చెప్పడంలో తన మొహం చూసి నేను నీళ్ళు నమిలాను. మర్నాడనుకున్నాను. మర్నాడు ప్రింటరు పాడైంది, అందరూ చిరాకుగా ఉన్నారు. ఆ తర్వాత రోజు తను రాలేదు. ఇలా ఒక వారం గడిచింది. రెండో వారం కూడా. ఇంట్లో గిన్నెలు తోముతూ ఇంగ్లీషులో వాక్యాలు అల్లుకునేదాన్ని. ల్యాబు మెట్లు ఎక్కుతుండగానే అవి కరిగిపోయేవి. అన్నం సయించడం మానేసింది. మా ఆయన మా పేట డాక్టరు, అదే జీపీ, దగ్గరికి వెళ్ళమన్నాడు. జీపీకి ఏం చెప్పను?

మూడో వారంలో తను ప్రొఫెసర్ ముందు ఇవ్వాల్సిన ఉపన్యాసాన్ని ముందుగా నా ఒక్కదానికే వినిపించింది. ఖాళీ గదిలో నేను, తను, గోడ మీద గీతలు. పదిహేనుమందీ సినిమా చూశారు, మాటల్ని పట్టించుకోలేదు, అని చదివి, అవును కదా అన్నట్టు నా వైపు చూసింది. నేను తలూపాను. నోటితో అబద్ధం చెప్పలేదని ఆ పూట నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

జులై ఆఖరి వారంలో ఒక ఉదయం తను ఒక కాగితం తెచ్చింది. రికార్డింగులు ఎలా జరిగాయో రాసి టెక్నీషియన్ సంతకం చేయాలి. పరీక్షలో దేన్ని చూస్తున్నామో పాల్గొన్నవాళ్ళకి ముందుగా తెలియదు అని అందులో ఒక వరస ఉంది. పెన్ను చేతిలోకి తీసుకున్నాను. సంతకం మొదటి అక్షరం కూడా పడలేదు. కూర్చో అన్నాను.

మొత్తం చెప్పాను. పులిహోర దగ్గర నించి, మా ఆయన దాకా, ఆంటీ తుమ్ము దాకా. ఎప్పుడు తెలిసిందన్నది మాత్రం చెప్పలేదు. చెబుతున్నంతసేపూ తను టోపీ తీగని వేలికి చుట్టుకుంటూ విన్నది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. చివరికి ఒక్కటే అడిగింది.

"ఎప్పుడు తెలిసింది పీ నీకు?"

"నిన్న" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు, అనుకోకుండా వచ్చేసింది అని రాయలేను. నాకు తెలుసు ఎందుకో. ఇంత చెప్పాక కూడా తన కళ్ళల్లో మంచిదాన్ని అనిపించుకోవాలని ఉంది.

తను లేచి గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళింది. ఆగస్టు పేజీ తిప్పింది, మళ్ళీ జులైకి వచ్చింది. శనాదివారాలు వదిలేసి మిగతా గళ్ళ మీద ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టుకుంటూ వెళ్ళింది. పక్క ఊరు సండర్లాండులో కొత్తగా చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లలు ఉన్నారు, వాళ్ళకి మీ ఆయన తెలియదు, అంది నెమ్మదిగా, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు.

"రోజుకొకరు. పదిహేనుమంది. మూడు వారాలుంటే చాలు పీ. ఈ నెల మొదట్లో తెలిసుంటే సరిపోయేది. ఇప్పుడు రికార్డు చేస్తే రాసుకోవడానికి రోజులు మిగలవు."

నా చేతిలో పెన్ను ఇంకా అలాగే ఉంది. మూడు వారాలు అన్న మాట దగ్గరే నా చెవి ఆగిపోయింది. తను వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించి, వాళ్ళ పద్ధతిలో తల వంచింది. వెంటనే చెప్పావు, అది చాలా పెద్ద మాట, అంది. నేను కూడా చేతులు జోడించాను. ఏం చెయ్యాలో తెలియక.

ఆ మధ్యాహ్నమే తనే వెళ్ళి ప్రొఫెసర్ గారికి చెప్పింది. మూడో గుంపు మొత్తం తీసేయాల్సి వచ్చింది. మిగిలినది పీహెచ్‌డీకి చాలదని ఆవిడ తేల్చేసింది, ఎంఫిల్ కింద ఇచ్చుకోమంది. నా మీద మాత్రం ఒక్క మాట పడలేదు. నిజాయితీగా ముందుకొచ్చి చెప్పినందుకు నన్ను మెచ్చుకుంది కూడా. సెప్టెంబర్లో నా కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగించారు. హైదరాబాద్ ఆంటీ మాత్రం కనిపించినప్పుడల్లా అడిగేది, మనం పాసైనమా అని. అయ్యామాంటీ అనేదాన్ని.

ఆ అమ్మాయి ఆగస్టు ఆఖర్న వెళ్ళిపోయింది. స్టేషన్‌కి వెళ్ళి పెట్టెలు ఎక్కించాను. లెక్చరర్ పోస్టు ఎవరికిచ్చారో తను చెప్పలేదు, నేను అడగలేదు. ఏదో ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతోందని తర్వాత ఎవరో అన్నారు.

ఏడాది తిరిగాక ఒక పార్సిల్ వచ్చింది. తన ఎంఫిల్ పుస్తకం. సన్నగా, నీలం అట్టతో. ధన్యవాదాల పేజీలో వాళ్ళ అమ్మానాన్నల తర్వాత నా గురించి ఒక వాక్యం ఉంది. తెలిసిన మర్నాడే నాకు నిజం చెప్పిన అక్కకి, అని రాసింది. పీ అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే ఉంచింది. నేను ఆ వాక్యం మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మా ఆయన నా భుజం మీదుగా చదివి, చూశావా, ఎంత బాగా రాసిందో, నువ్వు చెప్పింది మంచిపనే, అన్నాడు. నిన్న అని చెప్పిన సంగతి ఆయనకి కూడా తెలియదు. నిజానికి నాకు తెలిసి అప్పటికి ఇరవై నాలుగు రోజులు. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను.